డిస్కవరీ ఆర్డర్‌ని ప్రతివాది పాటించలేదు: ఆర్డర్ 11 రూల్ 21 కింద డిఫెన్స్ కొట్టేయించవచ్చా?

కొత్తగౌను

పార్టిషన్ దావా, సీనియర్ సివిల్ జడ్జి కోర్టు. మేం వాది తరఫున. వాది తమ్ముడు, ఒకటో ప్రతివాది అన్న, రెండు, మూడు ప్రతివాదులు అక్కచెల్లెళ్లు. షెడ్యూల్‌లో ఇల్లు, నాలుగెకరాల పొలం, తండ్రి పెట్టిన ఎరువుల దుకాణం ఉన్నాయి. దుకాణం మొదటినుంచీ అన్న చేతిలోనే ఉంది. ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన అంశాలు) ఫ్రేమయ్యాయి, చీఫ్ అఫిడవిట్ (మా సాక్షి రాతపూర్వక వాంగ్మూలం) ఇంకా వేయలేదు.

అవతలివాళ్ల వద్దున్న కాగితాల వివరాలు బయటపెట్టించమని (డిస్కవరీ) సి.పి.సి. (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 11 రూల్ 12 కింద ఐ.ఏ. (దావా మధ్యలో వేసే పిటిషన్) వేశాం. కౌంటర్ వచ్చింది, వాదనలయ్యాయి, అలౌ అయింది. మూడు వారాల్లో అఫిడవిట్ ఆఫ్ డాక్యుమెంట్స్ (తన కాగితాల జాబితాతో ప్రమాణపత్రం) వేయాలని ఒకటో ప్రతివాదికి ఆర్డర్. గడువు దాటి మరో రెండు వాయిదాలు గడిచాక ఒక పేజీ అఫిడవిట్ పడేశారు. "దావాకి సంబంధించిన కాగితాలేవీ నా వద్ద లేవు, పాత చిట్టా ఆవర్జాలు చెదలు పట్టి పోయాయి", అంతే. షెడ్యూల్ లేదు, తేదీలు లేవు. జవాబుదావా 9వ పేరాలో మాత్రం "దుకాణం లెక్కలు ఏటా సక్రమంగా రాయిస్తున్నాను, ఆడిట్ కూడా చేయిస్తున్నాను" అని రాసుకున్నారు.

ఇప్పుడు నేరుగా రూల్ 21 కింద డిఫెన్స్ స్ట్రయిక్ ఆఫ్ చేయమని ఐ.ఏ. వేయొచ్చా? అలౌ అయితే ఆయన మా సాక్షులను క్రాస్ చేయగలరా? ఆ ఆర్డర్ మీద వాళ్లకు అప్పీలుందా? పదిహేనేళ్ల లెక్కలు అడిగాం, అదేమైనా ఎక్కువైందా అని కూడా అనుమానంగా ఉంది.

డాకెట్‌షీట్

వేయొచ్చు. కానీ ఈ వాయిదాకే వేయకండి.

ముందు ఐ.ఏ. ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ దగ్గర పెట్టుకుని ఆపరేటివ్ భాగం (అసలు ఆదేశం ఉన్న చోటు) పదం పదం చదవండి. రూల్ 21 మూడు రకాల ఆర్డర్లకే తగులుతుంది: ఇంటరాగేటరీలకు (రాతపూర్వక ప్రశ్నలకు) జవాబివ్వమన్నది, డాక్యుమెంట్లు డిస్కవర్ చేయమన్నది, ఇన్‌స్పెక్షన్ ఇవ్వమన్నది. కోర్టులో "ప్రొడ్యూస్" చేయమనే రూల్ 14 ఆర్డర్ ఆ వాక్యంలో లేదు. చాలా చోట్ల పిటిషన్ మీద రూల్ 12, 14 రెండూ రాసేసి, ప్రేయర్‌లో (కోర్టుని కోరే భాగంలో) "ఫలానా రిజిస్టర్లు కోర్టులో దాఖలు చేయించండి" అని అడుగుతారు. ఆర్డర్ కూడా అదే భాషలో వస్తుంది. రూల్ 21కి వెళ్లిన రోజు అవతలివాళ్ల మొదటి వాదన అదే అవుతుంది: ఇది రూల్ 14 ఆర్డర్, దీనికి రూల్ 21 లేదు. మీది ప్రమాణపూర్వకంగా అఫిడవిట్ ఆఫ్ డాక్యుమెంట్స్ వేయమన్న ఆర్డరే కాబట్టి ఆ బెడద లేదనుకుంటా, అయినా చూసుకోండి. ఇంకోటి, కాగితాలు చూపించమని రూల్ 15 కింద మనమిచ్చే నోటీసు ఆర్డర్ కాదు. దాన్ని పట్టించుకోకపోతే రూల్ 18 కింద ఇన్‌స్పెక్షన్ ఆర్డర్ తెచ్చుకోవాలి, రూల్ 21 ఆ తర్వాతే.

ఇక వాళ్లు వేసిన కాగితం సంగతి. రూల్ 13 ప్రకారం అఫిడవిట్ సి.పి.సి. అపెండిక్స్ సి ఫారం 5లో ఉండాలి. అందులో రెండు షెడ్యూళ్లుంటాయి. మొదటి షెడ్యూల్ ఒకటో భాగంలో తన వద్ద ఉండి చూపించడానికి అభ్యంతరం లేనివి, రెండో భాగంలో ఉన్నా చూపించనంటున్నవి, కారణంతో సహా. రెండో షెడ్యూల్‌లో ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేనివి. ఈ రెండో షెడ్యూల్‌కే చెదల కథ తగిలించాలి: ఏ పుస్తకం, ఏ సంవత్సరానిది, చివరిసారి ఎప్పుడు తన దగ్గరుంది, ఆ తర్వాత ఏమైంది. "చెదలు పట్టాయి" అన్నాడంటే ఒకప్పుడు ఉన్నాయని ఒప్పుకున్నట్టే. ఒప్పుకున్నాక షెడ్యూల్ రాయక తప్పదు. మీ చేతిలో ఉన్న బలమైన పాయింట్ ఇదే.

కాబట్టి నేనైతే ముందు రెండు పనులు చేస్తా. ఒకటి, అఫిడవిట్ ఫారం 5లో లేదని, ఏ ఏ వివరాలు లేవో ఒక్కొక్కటి చెబుతూ మెమో వేసి, అవతలి లాయర్‌కి కాపీ ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోవడం. ఆ మెమో డాకెట్‌లో రికార్డయ్యేలా చూసుకోవాలి. రెండు, రూల్ 19(3) కింద కొత్త ఐ.ఏ. బార్‌లో చాలామంది మరచిపోయే రూలిది. ఫలానా డాక్యుమెంట్ నీ దగ్గర ఉందా, ఎప్పుడైనా ఉండేదా, లేకపోతే ఎప్పుడు చేయి దాటింది, ఏమైంది అని పేరుపెట్టి అడిగి, అఫిడవిట్‌తో జవాబు చెప్పించే ఆర్డర్ దీనికింద వస్తుంది. అఫిడవిట్ ఆఫ్ డాక్యుమెంట్స్ ఇప్పటికే వేసేసినా సరే అడగొచ్చని రూల్‌లోనే ఉంది. తేడా ఒకటే. రూల్ 12 పిటిషన్‌కి అఫిడవిట్ అక్కర్లేదు. 19(3)కి మాత్రం కచ్చితంగా కావాలి. ఆ కాగితం ప్రతివాది వద్ద ఉందని లేదా ఉండేదని మీ నమ్మకమని, అది దావా విషయానికి సంబంధించిందని వాది ప్రమాణం చేయాలి. ఆ నమ్మకానికి ఆధారంగా జవాబుదావా 9వ పేరానే ఎత్తి రాయండి. ఆయన మాటే ఆయనకి అడ్డం పడుతుంది.

దానికీ సరైన జవాబు రాకపోతే రూల్ 21. అప్పటికి రికార్డులో రెండు ఆర్డర్లు, ఒక మెమో, రెండు అరకొర అఫిడవిట్లు ఉంటాయి. ఇప్పుడే వెళ్తే ఉన్నదల్లా ఒక ఆర్డర్, ఆలస్యంగా వేసిన ఒక అఫిడవిట్. జడ్జిగారు ఇంకో రెండు వారాలు టైమిచ్చి పిటిషన్ క్లోజ్ చేస్తారు.

సాక్షిబోను

డాకెట్‌షీట్ గారితో ఏకీభవిస్తా. ఆ జాగ్రత్త ఎందుకో సుప్రీంకోర్టు తీర్పుతోనే చెప్పొచ్చు. 1978లో బబ్బర్ సూయింగ్ మెషిన్ కంపెనీ వర్సెస్ త్రిలోక్ నాథ్ మహాజన్ కేసులో కోర్టు స్పష్టంగా చెప్పింది: రూల్ 21 చాలా కఠినమైనది, మొండితనమో, కోర్టు ఆర్డర్‌ని కావాలని ధిక్కరించడమో కనిపిస్తేనే డిఫెన్స్ కొట్టేయాలి. ఉత్త జాప్యానికి, నిర్లక్ష్యానికి ఇది వాడరు. ఈ తీర్పు మీరు చూపించకపోయినా అవతలివాళ్లు చూపిస్తారు. కాబట్టి పిటిషన్ అఫిడవిట్‌లో "పాటించలేదు" అని రాస్తే సరిపోదు. కావాలనే పాటించలేదనడానికి ఏ వాస్తవాలున్నాయో తేదీల వారీగా రాయాలి. గడువెప్పుడు ముగిసింది, టైం పొడిగించమని అడిగారా లేదా, ఏ వాయిదాకి ఏ సాకు చెప్పారు, జవాబుదావాకీ అఫిడవిట్‌కీ వైరుధ్యమెక్కడ, ఇవన్నీ పేరాలుగా. జడ్జిగారు ఆర్డర్‌లో "మొండితనం ఉంది" అని ఫైండింగ్ రాయకపోతే పై కోర్టులో అది నిలవదు. ఆ ఫైండింగ్‌కి సరుకు మనమే అందించాలి.

క్రాస్ గురించి. డిఫెన్స్ పోయినంత మాత్రాన ఆయన నోరు పూర్తిగా మూసినట్టు కాదు. 1988లో మాడ్యులా ఇండియా వర్సెస్ కామాక్ష్య సింగ్ దేవ్‌లో (అది అద్దె చట్టం కేసు) చెప్పిన సూత్రాన్నే ఇక్కడా వాదిస్తారు: డిఫెన్స్ కొట్టేసినా వాది సాక్షులను క్రాస్ చేయొచ్చు, వాది కేసులో లోపాలు చూపిస్తూ ఆర్గ్యుమెంట్ చెప్పొచ్చు. అయితే తన సొంత కేసును సాక్ష్యంతో పెట్టలేరు, క్రాస్ ముసుగులో తన కథను దూర్చలేరు. సూచన రూపంలో తన డిఫెన్స్‌ని అడగబోతే అక్కడికక్కడే అభ్యంతరం చెప్పి రికార్డ్ చేయించండి.

అంటే మీ రుజువు భారం తగ్గదు. దుకాణం ఉమ్మడి ఆస్తి అని మీరే నిరూపించాలి. జవాబుదావా అసలే లేకపోయినా కళ్లుమూసుకుని డిక్రీ ఇవ్వకూడదని 1999లో బల్‌రాజ్ తనేజా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా ఆర్డర్ ఒకటో ప్రతివాది మీదే. అక్కచెల్లెళ్ల జవాబుదావాలు అలాగే ఉంటాయి. వాళ్లు అన్నగారితో కుమ్మక్కయి ఉంటే ఆయన చెప్పాలనుకున్నదంతా వాళ్ల నోటితో చెప్పిస్తారు. వాళ్ల జవాబుదావాలు మరోసారి చదివి చూడండి.

కొత్తగౌను

ఇద్దరికీ ధన్యవాదాలు సార్. రూల్ 19(3) నిజంగానే నా దృష్టికి రాలేదు. అక్కచెల్లెళ్లు వేసింది అడాప్షన్ మెమో, అన్నగారి జవాబుదావానే తమదిగా తీసుకోమని. అలాంటప్పుడు ఆయన డిఫెన్స్ పోతే వాళ్లది కూడా పోతుందా?

సాక్షిబోను

పోదు. అడాప్ట్ చేసుకున్న క్షణం నుంచి ఆ ప్లీడింగ్ వాళ్లది కూడా. డిస్కవరీ ఆర్డర్ వాళ్ల మీద లేదు, డిఫాల్ట్ వాళ్లది కాదు. మీ రూల్ 21 ఐ.ఏ. గెలిచినా దావాలో పెద్ద తేడా రాకపోవచ్చని అందుకే అంటున్నా. గురి మార్చుకోవాలేమో ఆలోచించండి.

పంపకాల_పట్టీ

ఆ గురి సంగతే చెబుతా. పార్టిషన్ దావాలో మీకు కావలసింది ఆయన డిఫెన్స్ పోవడమా, దుకాణం లెక్క తేలడమా? రెండూ ఒకటి కాదు.

పదిహేనేళ్ల లెక్కలు ఎక్కువే. కర్త (ఉమ్మడి కుటుంబ ఆస్తి చూసే పెద్ద) మోసం చేశాడనో, సొమ్ము సొంతానికి మళ్లించాడనో ప్లీడ్ చేసి ఉంటే తప్ప, విభజనకి ముందు కాలానికి మామూలుగా పాత లెక్క అడగలేరు. విడిపోదామన్న నోటీసు ఇచ్చిన రోజుకి, లేదా దావా వేసిన రోజుకి ఆస్తి ఏముందన్నదే లెక్క. ఆ తర్వాత కాలానికి లాభాల వాటా అడగొచ్చు. మీ ప్లెయింట్‌లో (దావా పత్రంలో) మోసం గురించిన పేరా లేకుండా పదిహేనేళ్లు అడిగితే, రూల్ 12లోనే ఉన్న "దావా న్యాయంగా తేలడానికి అవసరం లేదు" అన్న వాదన వాళ్లకి అప్పనంగా ఇచ్చినట్టే. 1972లో ఎం.ఎల్. సేథీ వర్సెస్ ఆర్.పి. కపూర్‌లో డిస్కవరీకి డాక్యుమెంట్ సాక్ష్యంగా చెల్లనక్కర్లేదు, వివాదం మీద వెలుగు వేస్తే చాలని కోర్టు ఉదారంగానే చెప్పింది. నిజమే. కానీ ఆ వెలుగు వివాదం మీద పడాలి, పదిహేనేళ్ల గడిచిన కాలం మీద కాదు. 19(3) ఐ.ఏ.లో ఇలా అడగండి: దావా వేసిన ఆర్థిక సంవత్సరానికి ముందు మూడేళ్లు, ఆ తర్వాత నేటివరకు, క్లోజింగ్ స్టాక్ రిజిస్టరు, ఆవర్జా, ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీటు, జీఎస్టీ వార్షిక రిటర్ను, ఎరువుల లైసెన్సు, దుకాణం పేరిట కరెంట్ అకౌంట్ స్టేట్‌మెంటు. ఇవి చాలు. తక్కువ అడిగితే ఆర్డర్ బలంగా వస్తుంది, ఎగ్గొట్టడం కష్టమవుతుంది.

చెదల కథకి ఇంకో దెబ్బ ఉంది. జీఎస్టీ చట్టం సెక్షన్ 36 కింద లెక్కలు ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. రిజిస్ట్రేషన్ ఉన్న దుకాణమైతే ఈ బాధ్యత చట్టం పెట్టింది. ఇక రిటర్నులు పోర్టల్‌లో ఉంటాయి, లాగిన్ ఆయనదే. రూల్ 12లో ఉన్న మాట "పొసెషన్ ఆర్ పవర్". కాగితం చేతిలో లేకపోయినా తెప్పించుకునే హక్కు, వీలు ఉంటే అది ఆయన పవర్‌లో ఉన్నట్టే. ఆడిటర్ దగ్గరున్న బ్యాలెన్స్ షీటుకీ ఇదే వర్తిస్తుంది. చెదలు పోర్టల్‌ని తినవు కదా.

బయటినుంచి తెచ్చుకోగలిగినవి ఆయన్నెందుకు అడగడం? రిజిస్టర్ దస్తావేజులకి సబ్ రిజిస్ట్రార్ దగ్గర సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. బ్యాంకు లెక్కలకి బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ యాక్ట్, 1891 సెక్షన్ 6 కింద కోర్టు ఆర్డర్ తెచ్చుకోండి. ఆ ఆర్డర్ బ్యాంకుకి పాటించాల్సిన రోజుకి మూడు పూర్తి రోజుల ముందు అందాలి, బ్యాంకు సెలవులు అందులో లెక్కకి రావు. చాలామంది ఇక్కడే జారతారు. శుక్రవారం ఆర్డర్ అందజేసి మంగళవారానికి స్టేట్‌మెంట్ రాలేదని గొడవపెడతారు.

సాక్షిబోను

పంపకాల పట్టీ గారు చెప్పాక ఒకటి కలుపుతా. నా లెక్కలో ఈ దావాకి రూల్ 21 కన్నా సాక్ష్య చట్టమే ఎక్కువ పనిచేస్తుంది.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 64 కింద ప్రొడ్యూస్ చేయమని నోటీసివ్వండి. ఇవ్వకపోతే సెక్షన్ 60 కింద మీ దగ్గరున్న జిరాక్సునో, ఆడిటర్ కాపీనో సెకండరీ ఎవిడెన్స్‌గా పెట్టుకోవచ్చు. అసలు పదునున్నది సెక్షన్ 167కి, పాత చట్టంలో 164. నోటీసిచ్చినా ఇవ్వననుకున్న కాగితాన్ని ఆయన తర్వాత మన సమ్మతి గానీ కోర్టు ఆర్డర్ గానీ లేకుండా తన సాక్ష్యంగా పెట్టలేరు. అంటే చెదలు పట్టాయన్న ఆవర్జా మీ చీఫ్ అయిపోయాక హఠాత్తుగా పుట్టుకొస్తే దారి మూసినట్టే. నోటీసు మాత్రం రికార్డులో ఉండాలి. ఫోన్‌లో అడిగాం, కోర్టు హాలు బయట అడిగాం అంటే కుదరదు.

చివర్లో సెక్షన్ 119, పాత 114 ఇలస్ట్రేషన్ (జి): దాచిపెట్టిన సాక్ష్యం బయటికొస్తే దాచినవాడికే వ్యతిరేకంగా ఉండేదని కోర్టు ఊహించవచ్చు. 1968లో గోపాల్ కృష్ణాజీ కేత్కర్ కేసు ప్రకారం రుజువు భారం తన మీద లేకపోయినా మేలైన సాక్ష్యం చేతిలో ఉంచుకుని తేనివాడికి ఇది తగులుతుంది. మీ 19(3) ఆర్డర్, వాళ్ల తప్పించుకునే జవాబు, ఈ నోటీసు, మూడూ కలిసి ఆర్గ్యుమెంట్ రోజున ఈ ఊహకి పునాది. ఇది అక్కచెల్లెళ్ల డిఫెన్స్‌ని కూడా తాకుతుంది, ఎందుకంటే దుకాణం గురించి వాళ్లు అడాప్ట్ చేసుకున్నది కూడా ఆ లెక్కల మాటే.

కౌంటర్_రెడీ

అవతలి బల్ల నుంచి మాట్లాడతా. ప్రతివాది లాయర్‌గా మీ రూల్ 21 ఐ.ఏ. వస్తే ఏం చేస్తారో తెలిస్తే దానికి తగ్గట్టు రాసుకుంటారు కదా.

మొదట సి.పి.సి. సెక్షన్ 148 కింద గడువు పొడిగించమని పిటిషన్, దానితోపాటే సరిచేసిన అఫిడవిట్. సెక్షన్ 148లో మొత్తం 30 రోజులకి మించకూడదని ఉన్నా, మన చేతిలో లేని కారణాలుంటే ఆ పరిమితి అడ్డు కాదని 2005 సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ తీర్పు ఉంది. పాటించినవాడి డిఫెన్స్ కొట్టేయడం దాదాపు జరగదు, ఖర్చులతో వదిలేస్తారు. కాబట్టి ఆ ఖర్చుల సంగతి మీరే ముందుగా అడగండి. రెండు వాయిదాలు వృథా అయ్యాయి కదా, ఖర్చులు "సెక్షన్ 35-బి కింద" అని ఆర్డర్‌లో రాయించుకోండి. ఆ సెక్షన్‌లో ఖర్చులు కట్టడం ముందుకు సాగడానికి షరతు. కట్టకపోతే డిఫెన్స్ ముందుకి నడవదు. ఉత్తినే "ఖర్చులు 1,000" అని రాస్తే వసూలుకి మళ్లీ ఇంకో తిరుగుడు. సెక్షన్ 35-ఎ జోలికి పోకండి. అక్కడ గరిష్ఠం 3,000 రూపాయలు, పైగా అది అబద్ధపు క్లెయిమ్‌లకు.

రెండోది, ఆర్డర్‌లో "ఫలానా తేదీలోగా వేయకపోతే డిఫెన్స్ దానంతటదే కొట్టివేయబడును" అని రాయించుకోవాలని వాది లాయర్లకి ఉబలాటం. నాకు అలాంటి ఆర్డర్ వస్తే సంతోషం. 1976 సవరణ తర్వాత రూల్ 21(1)లోనే ఉంది: పార్టీలకు నోటీసిచ్చి, వినే అవకాశమిచ్చాకే ఆర్డర్. దానంతటది అమలయ్యే షరతులో ఆ వినడం ఎక్కడుంది? అప్పీలులో మొదటి గ్రౌండ్ అదే అవుతుంది.

అప్పీలు ఉంది. ఆర్డర్ 43 రూల్ 1(ఎఫ్), అంటే సి.ఎం.ఏ. (సివిల్ మిసలేనియస్ అప్పీలు). జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు, లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 116. ఆ పైన సి.పి.సి. సెక్షన్ 104(2) ప్రకారం రెండో అప్పీలు లేదు. డిస్కవరీ ఇవ్వమన్న తొలి ఆర్డర్ మీద మాత్రం అప్పీలు లేదు, రాజ్యాంగం ఆర్టికల్ 227 కింద హైకోర్టులో సి.ఆర్.పి. (సివిల్ రివిజన్ పిటిషన్) ఒక్కటే. మీ 19(3) ఆర్డర్ మీద సి.ఆర్.పి. పడితే ఆరు నెలలు మీ దావా కదలదు. పంపకాల పట్టీ గారు తక్కువ అడగమన్నది అందుకే నాకూ నచ్చింది. పదిహేనేళ్లు అడిగితే సి.ఆర్.పి.కి గ్రౌండ్ దొరుకుతుంది, మూడేళ్లయితే హైకోర్టు గడప దగ్గరే డిస్మిస్.

మూడోది, ఎదురుదాడి. నేను కూడా వాది మీద రూల్ 12 వేస్తా: పొలం మీద కౌలు ఎవరు తీసుకుంటున్నారు, ఆ చీటీలేవి? వాది పాటించకపోతే దావా రూల్ 21 కిందే వాంట్ ఆఫ్ ప్రాసిక్యూషన్ (దావా సరిగా నడపలేదు) అని డిస్మిస్ అవుతుంది. ఆ రూల్ సబ్ రూల్ 2 ప్రకారం అదే కాజ్ ఆఫ్ యాక్షన్ (దావా కారణం) మీద కొత్త దావా కూడా వేయలేరు. పంపకం హక్కు రోజూ పుడుతుందని మీరు వాదించొచ్చు, కానీ ఆ వాదన మీ క్లయింటు నెత్తిన పెట్టి పరీక్షించకండి. మీ వైపు కాగితాలు ముందే సర్దుకోండి.

కొత్తగౌను

అబద్ధపు అఫిడవిట్ మీద క్రిమినల్ కంప్లయింట్ వేయమని క్లయింటు ఒత్తిడి చేస్తున్నారు. ఏం చెప్పమంటారు?

డాకెట్‌షీట్

ఆగమనండి. బి.ఎన్.ఎస్.ఎస్. (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 379, పాత సి.ఆర్.పి.సి. 340 కింద కోర్టే కంప్లయింట్ చేయాలి. న్యాయప్రయోజనాల దృష్ట్యా అది తగినదని కోర్టుకి అనిపించాలి. దావా మధ్యలో అది చాలా అరుదు. తీర్పులో "ఈ అఫిడవిట్ అబద్ధం" అని ఫైండింగ్ వస్తే అప్పుడు ఆలోచించొచ్చు. ఇప్పుడే వేస్తే అసలు పని పక్కకు పోయి ఆ పిటిషన్‌కే కౌంటర్లు, వాయిదాలు మొదలవుతాయి. సి.పి.సి. సెక్షన్ 32 కింద 5,000 వరకు జరిమానా వేయించొచ్చని కూడా ఎవరో చెబుతారు. అది సెక్షన్ 30 కింద సమన్లు అందుకున్నవాళ్ల గురించి. పార్టీ డిస్కవరీ ఇవ్వకపోవడానికి రూల్ 21 ఉండగా దాని వెంట పడనక్కర్లేదు.

వాణిజ్య_వాయిదా

ఈ థ్రెడ్ చదివి కమర్షియల్ దావాల్లో ఇదే దారిన పోయేవాళ్లుంటారని రాస్తున్నా. మీది కుటుంబ పంపకం కాబట్టి మామూలు ఆర్డర్ 11. అదే దుకాణం రిజిస్టర్డ్ భాగస్వామ్యం అయి, విలువ 3 లక్షలకి తగ్గకపోతే కథే వేరు. పార్ట్‌నర్‌షిప్ ఒప్పంద వివాదం కమర్షియల్ కోర్ట్స్ చట్టం, 2015 కింద వాణిజ్య వివాదమే. అక్కడ ఆర్డర్ 11 మొత్తం మార్చేశారు.

అక్కడ అడిగేదాకా ఆగరు. ప్లెయింట్‌తోనే, రిటన్ స్టేట్‌మెంట్‌తోనే (జవాబుదావాతోనే) తన వద్దనున్న సంబంధిత కాగితాలన్నీ, తనకి వ్యతిరేకమైనవి కూడా, ప్రమాణపూర్వకంగా బయటపెట్టాలి. ఈ బాధ్యత దావా ముగిసేదాకా ఉంటుంది. పెట్టని కాగితాన్ని తర్వాత వాడుకోవాలంటే లీవ్ (కోర్టు అనుమతి) కావాలి, సహేతుక కారణం చూపాలి. 2021 సుధీర్ కుమార్ కేసులో దీన్ని వివరించారు. ఇన్‌స్పెక్షన్‌కి రిటన్ స్టేట్‌మెంట్ వేసిన 30 రోజులు, కోర్టు ఇంకో 30 వరకు పొడిగించొచ్చు. ఇన్‌స్పెక్షన్ ఆర్డర్ వచ్చాక 5 రోజుల్లో కాపీలివ్వాలి. కావాలనో నిర్లక్ష్యంతోనో కాగితం దాస్తే రూల్ 3 కింద ఎగ్జంప్లరీ కాస్ట్స్ (గుణపాఠంగా వేసే భారీ ఖర్చులు) వేయొచ్చు, మామూలు కోర్టులోని 3,000 పరిమితి అక్కడ లేదు. కేస్ మేనేజ్‌మెంట్ హియరింగ్‌లో ఇచ్చిన ఆదేశం పాటించకపోతే ఆర్డర్ 15-ఎ రూల్ 8: ఖర్చులతో క్షమించడం, క్రాస్, ఆర్గ్యుమెంట్ హక్కులు మూసేయడం, చివరికి ఉల్లంఘన కావాలని, పదేపదే చేసిందై ఖర్చులు చాలవనిపిస్తే ప్లెయింట్ డిస్మిస్ చేయడం లేదా దావా అలౌ చేయడం. మెట్లు మెట్లుగా ఉంది కదా, మన రూల్ 21లో ఆ మధ్య మెట్లు లేవు. అందుకే జడ్జీలు దాన్ని ముట్టుకోవడానికి జంకుతారని నా అభిప్రాయం.

ఇంకో మాట. నెట్‌లో "మోషన్ టు కంపెల్" (ఇవ్వమని ఒత్తిడి చేసే పిటిషన్), "స్పోలియేషన్" (సాక్ష్యం పాడుచేయడం) అని చదివి ఆ భాషలో పిటిషన్ రాసేవాళ్లు ఈమధ్య కనిపిస్తున్నారు. అది అమెరికా ఫెడరల్ రూల్ 37. అక్కడ పార్టీలు కోర్టు జోక్యం లేకుండా ఒకరినొకరు అడుగుతాయి, రాకపోతేనే కోర్టు. మన దగ్గర ఇంటరాగేటరీ ఇవ్వాలన్నా ముందు కోర్టు లీవ్ కావాలి. అక్కడి తీర్పులు ఇక్కడ అతికించకండి.

కొత్తగౌను

అందరికీ నమస్కారాలు. మెమో ఈ వాయిదాకే వేస్తున్నా. 19(3) ఐ.ఏ. ప్రేయర్ ఇలా అనుకుంటున్నా, చూసి చెప్పండి: "అనుబంధ పట్టికలోని 1 నుంచి 6 వరకు డాక్యుమెంట్లు తన వద్ద లేదా తన అధీనంలో ఉన్నవా, ఎప్పుడైనా ఉండెనా, లేనిచో ఎప్పుడు చేయి దాటినవో, ఏమైనవో అఫిడవిట్ ద్వారా తెలిపి, వాటిని కోర్టులో దాఖలు చేయుమని ఒకటో ప్రతివాదిని ఆదేశించ ప్రార్థన."

డాకెట్‌షీట్

"వాటిని కోర్టులో దాఖలు చేయుమని" తీసేయండి. అది రూల్ 14 ప్రేయర్. దీంట్లో కలిపితే నేను మొదట చెప్పిన గొడవే వస్తుంది. కావాలంటే వేరే ఐ.ఏ. వేసుకోండి. "దుకాణం లెక్కలు" అని ఒక్క వరుస రాయకుండా, పట్టికలో ఒక్కో డాక్యుమెంటుకి ఎదురుగా సంవత్సరం, అది ఉందని చెప్పే ఆధారం (జవాబుదావా పేరా నంబరు) రెండు గడులు పెట్టండి. జవాబు కూడా గడి గడికీ రావాల్సి వస్తుంది, ఒక్క పేజీలో తప్పించుకోలేరు. ప్రతివాదికి పది రోజులు, ఆ తర్వాతి వాయిదా తేదీ ఆర్డర్‌లోనే రాయించుకోండి.